చీమలక్క చూసిన ముక్క

ఆవిడకి చీమలక్క అని పేరు పెట్టినవాడు కాలు విరిగి ఆ వార్డులో మూడు వారాలు పడుకున్న ఒక లారీ డ్రైవరు. తన మంచం దగ్గర నిలబడి నోటుబుక్కులో రాసుకుంటున్న ఆవిడ చేతికేసి తొంగి చూసి, "ఏంటి సిస్టరూ, పుస్తకం నిండా చీమల్ని పాకిస్తున్నారు?" అన్నాడు. వార్డంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. డ్రైవరు కుంటుకుంటూ ఇంటికెళ్లిపోయి ఇరవై ఏళ్లయింది గానీ పేరు మాత్రం డిశ్చార్జి కాలేదు. కొత్తగా చేరిన డాక్టర్లు కూడా రెండో వారానికల్లా "చీమలక్క డ్యూటీలో ఉందా?" అని అడగడం నేర్చుకునేవారు.

నిజానికి అవి చీమలే. అంత చిన్న అక్షరాలు, ఒకదాని వెనక ఒకటి, దారి తప్పకుండా నడిచేవి. ఒక్క పేజీలో ఎనిమిది మంచాలు పట్టేవి. కళ్లజోడు లేకుండా చదవడం ఎవరి తరమూ కాదు. అయినా ఆ పుస్తకం చూడకుండా రౌండు మొదలుపెట్టిన డాక్టరు ఎముకల వార్డులో లేడు.

మూడో అంతస్తులో ఆ వార్డు. రెండు వరసల్లో ఇరవై నాలుగు మంచాలు, పడమటి గోడకి ఆరు కిటికీలు, బుద్ధి పుట్టినప్పుడు పనిచేసే ఒక లిఫ్టు. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా ఆవిడ డ్యూటీ. ఏడింటికి రాత్రి డ్యూటీవాళ్లు వస్తారు. వాళ్లకి వార్డు అప్పజెప్పి పోవాలి. ఆ అప్పజెప్పడంలోనే ఉంది ఆవిడ గొప్పంతా.

ఆ పద్ధతి ఆవిడ సొంతం కాదు, పెద్ద సిస్టర్ నేర్పింది. పెద్ద సిస్టర్ అంటే అప్పట్లో ఆ వార్డుకి హెడ్డు. మనిషి చూస్తే ఇంత, గొంతు వింటే అంత. వాచీ మణికట్టు లోపలి వైపుకి పెట్టుకునేది. ఏ మాట చెప్పాలన్నా ముందు చెయ్యి తిప్పి వాచీ చూసుకునేది. "సాయంత్రం నీళ్లు తాగాడు" అంటే ఊరుకునేది కాదు. "నాలుగూ పదికి" అనాలి. ఎవరైనా టైము అడిగితే మాత్రం, "నీ చేతికి వాచీ లేదా?" అని కసిరేది. ఇంకొకరిని టైము అడగడం ఆవిడ దృష్టిలో చెయ్యి చాచి అడుక్కోవడంతో సమానం.

చీమలక్క చేరిన మొదటి రోజునే ఆవిడ ఒక పెన్సిలూ పుస్తకమూ చేతిలో పెట్టి ఇలా చెప్పింది. "జ్వరం, నాడి, బీపీ ఇవన్నీ అంకెలు. చార్టులో ఉంటాయి. అంకె కానిది ఒక ముక్క, నీ కంటితో చూసింది, ఒక్కో మంచానికి ఒక్కటి రాయాలి. మంచం కాళ్ల వైపు నిలబడి రాయాలి. కూర్చుని కాదు. ఇంటికెళ్లాక గుర్తొచ్చింది కథ అవుతుంది. మంచం దగ్గర రాసింది సాక్ష్యం అవుతుంది. మనకు కథలొద్దు."

దాన్ని వార్డులో 'చూసిన ముక్క' అనేవారు.

మొదటి రోజు చీమలక్క ఐదో మంచం దగ్గర నిలబడి "రోగి బాగానే ఉన్నారు" అని రాసింది. పెద్ద సిస్టర్ చదివి పుస్తకం మూసేసింది. "బాగుంటే ఆసుపత్రిలో ఎందుకున్నాడే? ఇంటికి పంపించెయ్." వార్డంతా వింటుండగా అన్న మాట అది. చీమలక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. పావుగంట ఆ మంచం కాళ్ల దగ్గరే కొయ్యబారి నిలబడింది. ఆ తరవాత రాసింది: "భార్య ఉన్నంతసేపూ నొప్పి లేదన్నాడు. ఆమె గుమ్మం దాటాక దిండు కొరికాడు." పెద్ద సిస్టర్ అది చదివింది. నొప్పి మందు మార్చమని డాక్టరుకి కబురు పంపింది. ఆవిడ దగ్గర మెప్పు అంటే అదే.

ఆ రోజు నుంచి చీమలక్కకి ఒక సంగతి తెలిసింది. ఆవిడ చూసి రాయడం లేదు. రాయాలి కాబట్టి చూస్తోంది. సాయంత్రం ఆరున్నరకి మంచం దగ్గర పెన్సిలు పట్టుకుని, రాయడానికేమీ లేక నిలబడాల్సి వస్తుందన్న భయం పొద్దుటి నుంచీ ఆవిడ కళ్లని తెరిపించి ఉంచేది.

తొమ్మిదో మంచం పంతులుగారి సంగతే చూడండి. రోజూ పొద్దున్నే దుప్పటిని నాలుగు మడతలు పెట్టి, అంచులు కలిపి, అరచేత్తో సాపు చేసేవాడు. ఒకరోజు "ఎడమవైపు అంచు కలవలేదు, ఆయన గమనించలేదు" అని ఆవిడ రాసింది. డాక్టరు అది చదివి, నవ్వబోయి, ఆగి, ఆయన్ని ఎడమ చెయ్యి ఎత్తమన్నాడు. చెయ్యి సగంలోనే ఆగింది. తలలో రక్తం గడ్డకట్టడం అప్పుడే మొదలైందట. పంతులుగారు నడుచుకుంటూ ఇంటికెళ్లాడు. దుప్పటి మడతకి మనిషి బతికాడని ఆ డాక్టరు చాలా ఏళ్లు చెప్పుకున్నాడు.

పెద్ద సిస్టర్ రిటైరైంది. చీమలక్కే వార్డులో పాతకాపు అయింది. అప్పుడొచ్చాయి ట్యాబ్‌లు.

వాటిని చూపించడానికి వచ్చినతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, గంటసేపు అరచేతిలో వైకుంఠం చూపించాడు. అంకెలు కొట్టాలి. నాలుగు గడుల్లో టిక్కు పెట్టాలి. అంతే, నోట్ అదే రాసుకుంటుంది. చక్కటి భాష, ఒక్క తప్పుండదు. ఇరవై నాలుగు మంచాలకీ పదిహేను నిమిషాలు చాలు. డాక్టర్లు బాగా సంబరపడ్డారు, భూతద్దం పెట్టి చీమల్ని వెతుక్కునే పని తప్పిందని. నోటుబుక్కులన్నీ తాడుతో కట్టి బీరువా పైకెక్కించారు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, చీమలక్క మాత్రం నాలుగు నెలల పాటు రెండూ రాసింది. ట్యాబ్‌లో టిక్కులు పెట్టి, మళ్లీ మంచం మంచానికీ తిరిగి పుస్తకంలో రాసేది. దాంతో ఏడూ పావు బస్సు తప్పిపోయేది. తరవాతి బస్సు కోసం నలభై నిమిషాలు స్టాపులో నిలబడేది. పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్లకి ఆ నలభై నిమిషాలు ఎంత బరువో నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. ఒకనాడు సూపరింటెండెంటు పిలిచి మర్యాదగానే అన్నాడు, "ఒకే పని రెండుసార్లెందుకమ్మా? పుస్తకం ఎవరూ చూడటం లేదు కదా."

ట్యాబ్‌లో 'ఇంకా ఏమైనా' అని ఒక గడి ఉండేది. పోనీ చూసిన ముక్కని అందులోనే పెడదామని చూసింది. "కూతురు ఫోను చేస్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు" అని కొట్టింది. అది దాన్ని నమిలి మింగి, "రోగి విశ్రాంతి తీసుకుంటున్నారు, కుటుంబ సభ్యులు సంప్రదింపులో ఉన్నారు" అని బయటపెట్టింది. దిద్దుకోవచ్చు, వద్దని ఎవరూ అనలేదు. పది రోజులు దిద్దింది. పదకొండో రోజు దిద్దలేదు. ఆ సాయంత్రం ఏడూ పావు బస్సు దొరికింది, కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

ఇంట్లో అందరికీ సుఖంగానే ఉంది. ఆవిడ భర్త ఒక ప్రెస్సులో కాగితాలు కోసే మిషను మీద పనిచేస్తాడు. "ఇన్నేళ్లకి ఇద్దరం కలిసి వేడివేడిగా తింటున్నాం" అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఈ ట్యాబ్‌ని తిట్టేవాళ్లు ఆ వేడి కూడు సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే అన్యాయం.

భోజనాల దగ్గర ఆయన రోజూ అడిగేవాడు, "ఇవాళ ఎవరు?" అని. ఆవిడ చెప్పేది. దిండు కొరికినవాడు, దుప్పటి పంతులు, నిద్రలో లెక్కలు చెప్పే ముసలమ్మ. ఆయనకి ఆ వార్డు సొంత వీధిలా తెలుసు. ఒకనాడు అలాగే అడిగితే, ఆవిడ ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించి, "అందరూ బాగానే ఉన్నారు" అంది.

"బాగుంటే ఆసుపత్రిలో ఎందుకున్నారే?" అని ఆయన పెద్ద సిస్టర్ గొంతుతో నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

అలా రెండేళ్లు గడిచాయి. తోటి సిస్టర్ ఒకావిడ రిటైరైతే కార్డు మీద నాలుగు మాటలు రాయమని చీమలక్క చేతికే ఇచ్చారు. పెన్ను పట్టుకుని పది నిమిషాలు కూర్చుంది. ఇరవై రెండేళ్లు పక్కపక్కన పనిచేసిన మనిషి. చివరికి ట్యాబ్‌నే అడిగింది. 'అంకితభావం' అనీ, 'చిరస్మరణీయం' అనీ ఇచ్చింది. ఆ మాటల్ని చీమల అక్షరాల్లో ఎక్కించి ఇచ్చేసింది. అందరూ బాగుందన్నారు. నల్లేరు మీద నడకలా సాగిపోతున్న బతుకులో ఇలాంటి చిన్న ముల్లుని ఎవరు పట్టించుకుంటారు?

ఆ ఏడాదే పెద్ద సిస్టర్ బాత్రూంలో జారిపడింది.

తుంటి ఎముక విరిగింది. డెబ్బై నాలుగేళ్లు. ఆపరేషను బాగానే జరిగింది. కిటికీ పక్కనున్న పదకొండో మంచం ఇచ్చారు. మనిషి ఇంకా చిన్నదైపోయింది గానీ గొంతు మాత్రం అలాగే ఉంది. వాచీ అదే, మణికట్టు లోపలి వైపుకే. పట్టీ వదులై జారుతుంటే దారం చుట్టుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం చీమలక్కని పిలిచింది. "పుస్తకమేదే?"

"పుస్తకాలు లేవు సిస్టర్. ఇందులోనే."

"నా గురించి ఏం రాశావో చదువు."

చీమలక్క చదివింది. "రోగి ప్రశాంతంగా ఉన్నారు. చికిత్సకు సహకరిస్తున్నారు. నొప్పి అదుపులో ఉంది. ఆహారం తగినంత తీసుకుంటున్నారు."

పెద్ద సిస్టర్ కాసేపు సీలింగు చూసింది. "ఇది నేను కాదు. పక్క మంచం మనిషి."

పన్నెండో మంచంలో మోకాలి కట్టుతో పడుకున్న లావుపాటి ఆవిడ వెంటనే అందుకుంది. "నేనూ కాదండి బాబూ! నేను సహకరించడమేంటి? పొద్దున్నే ఆ ఫిజియో అబ్బాయిని తిట్టి పంపించాను."

ముగ్గురూ నవ్వారు. నవ్వు అయ్యాక పెద్ద సిస్టర్ చీమలక్క చెయ్యి పట్టుకుంది. "నువ్వు రాయడం మానేశావు కదూ?"

చీమలక్క ట్యాబ్ పక్కన పెట్టింది. "రేపట్నుంచి రాస్తాను సిస్టర్."

"రేపు," అని పెద్ద సిస్టర్ కళ్లు మూసుకుంది.

ఆ రేపు వచ్చింది. అసలే ఒకావిడ సెలవు, గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకొకావిడకి జ్వరం. ఇరవై నాలుగు మంచాలకి ఇద్దరే మిగిలారు. మూడు కొత్త కేసులు, ఒక ఆపరేషను. సాయంత్రం నాలుగూ పదికి చీమలక్క పదకొండో మంచం దగ్గర సెలైను మారుస్తోంది. పడమటెండ కిటికీలోంచి నేరుగా దుప్పటి మీద పడుతోంది. పెద్ద సిస్టర్ చెయ్యి తిప్పి వాచీ చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. చూసుకుని, "టైమెంతయిందే?" అని అడిగింది.

"నాలుగూ పది సిస్టర్."

"ఆఁ," అంది. ఆవిడ వేళ్లు దుప్పటి అంచుని పీకుతున్నాయి, లేని పోగేదో లాగుతున్నట్టు.

పది నిమిషాల తరవాత పన్నెండో మంచానికి కట్టు మార్చడానికి వస్తే, పెద్ద సిస్టర్ మళ్లీ వాచీ చూసుకుంది. మళ్లీ టైము అడిగింది.

చీమలక్క గుండెలో ఏదో కలుక్కుమంది. జ్వరం చూసింది, కొంచెమే. నాడి కాస్త ఎక్కువ, కానీ మెషీను ఎర్ర రంగు చూపించేంత కాదు. ఇక్కడ ఆగాలి, నిలబడాలి, ఇది రాయాలి అనిపించింది. అంతలో మూడో మంచం గంట మోగింది. వెళ్లింది. అక్కణ్నుంచి ఆపరేషను కేసు పైకొచ్చింది. లిఫ్టు ఆగిపోయింది. తల ప్రాణం తోకకొచ్చేసరికి ఏడు కావడానికి పావుగంట తక్కువ.

కూర్చుంది. అవును, కూర్చునే చేసింది ఆ పని. ఇరవై నాలుగు నోట్లకి పదకొండు నిమిషాల్లో 'సరే' నొక్కింది. పదకొండో మంచం దగ్గర మాత్రం బొటనవేలు ఆగింది. 'రోగి ప్రశాంతంగా ఉన్నారు. చికిత్సకు సహకరిస్తున్నారు.' ఏదో ఉంది కదా, ఏదో చెప్పాలనుకున్నాను కదా అనుకుంది. ఏమిటో తట్టలేదు. ఇంకోసారి చదివితే ఆ రాసిందే నిజమనిపించింది. నొక్కేసింది.

రాత్రి డ్యూటీకి వచ్చినవాడు ఆవిడ తమ్ముడూ అని పిలిచే నర్సు. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. ఎడమచేతి వాటం మనిషి. ఇద్దరు ఆడపిల్లలు. ట్యాబ్ చేతిలోకి తీసుకుంటూ అడిగాడు, "పదకొండు ఎలా ఉన్నారక్కా?"

"ప్రశాంతంగా ఉన్నారు," అంది చీమలక్క, బ్యాగు భుజానికి తగిలించుకుంటూ. ఆ మాట తన నోట ఎప్పుడూ లేదు. బస్సులో కూర్చున్నాక ఆ సంగతి తట్టింది గానీ, కళ్లు మూతలు పడుతున్నాయి.

మిగతాది ఎవరూ కథలా చెప్పుకోరు. తమ్ముడు నోట్ చదివాడు. పెద్దావిడ ఎప్పుడు చూసినా నిద్రపోతూనే ఉంది. ప్రశాంతంగా ఉందన్నారు కదా, పోనీలే, పాపం నిద్రపడుతోంది అనుకున్నాడు. తెల్లవారుజామున లేపితే లేవలేదు. రక్తంలోకి ఇన్ఫెక్షను పాకిపోయిందన్నారు. ముందు రోజు సాయంత్రమే మొదలై ఉంటుందన్నారు. ఆ మధ్యాహ్నం పెద్ద సిస్టర్ పోయింది.

పెద్ద సిస్టర్ కూతురు ఏడ్చి గొడవ చేసే మనిషి కాదు. ఒక్కటే ప్రశ్న కాగితం మీద రాసి ఇచ్చింది: మా అమ్మ మారిపోవడాన్ని మీలో ఒక్కరూ చూడలేదా? దాని మీద విచారణ వేశారు. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఆఫీసుల్లో పాపాన్ని అలా పంచరు. ఒకడి నెత్తిన మొత్తం గుమ్మరిస్తారు. సాయంత్రం ఏడింటి నోట్ ప్రకారం రోగి బాగుంది. పొద్దుటికి బాగాలేదు. మధ్యలో ఉన్నవాడు తమ్ముడు. పైగా కాంట్రాక్టు మనిషి.

తొమ్మిదో రోజున తమ్ముడు మెట్ల దగ్గర కనపడ్డాడు. మొహం పీక్కుపోయింది. "నేను నాలుగుసార్లు వెళ్లి చూశానక్కా. నిద్రపోతున్నారనే అనుకున్నాను. నన్ను తీసేస్తారట."

ఆ రాత్రి చీమలక్క భర్తతో చెప్పేసింది. "నేను చూశాను. ఏదో తేడా చూశాను. రాయలేదు. తప్పు నాది. వెళ్లి చెప్పేస్తాను."

ఆయన "నీ ఉద్యోగం పోతుందేమో," అన్నాడు. తరవాత, "వెళ్లు," అన్నాడు.

పిరికితనం ఆవిడ ఒంట్లో లేదు. ఈ సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి చోట చాలామంది జారిపోతారు, ఆవిడ జారలేదు. తనంత తానే విచారణ గదికి వెళ్లింది. పొడుగాటి బల్ల, మూత లేని నీళ్ల జగ్గు, తిరుగుతూ కిర్రుమనే ఫ్యాను. బల్లకి అటువైపు ముగ్గురు. సూపరింటెండెంటు, ఆఫీసు నుంచి ఒకావిడ, దుప్పటి మడతకి మనిషిని బతికించిన ఆ పాత డాక్టరు. ఆవిడ చెప్పింది విని, తెల్ల కాగితాలూ పెన్నూ ముందుకి జరిపారు.

"మీరేం చూశారో మీ చేత్తో రాసివ్వండి," అన్నాడు సూపరింటెండెంటు. "మెషీను వద్దు. మీ మాటల్లోనే."

రాయడం మొదలుపెట్టింది. 'ఆ రోజు సాయంత్రం రోగి పరిస్థితిలో కొంత మార్పు గమనించడం జరిగింది.' ఆగింది. చదువుకుంది. కొట్టేసింది. ఇంకో కాగితం తీసుకుంది. కళ్లు మూసుకుని ఆ సాయంత్రాన్ని గుర్తు తెచ్చుకోబోతే, సాయంత్రం రాలేదు, నోట్ వచ్చింది. ప్రశాంతంగా ఉన్నారు. సహకరిస్తున్నారు. కిటికీ ఉందని తెలుసు. మంచం ఉందని తెలుసు. మంచంలో మనిషి మొహం ఉండాల్సిన చోట ఆ రెండు వాక్యాలే ఉన్నాయి. కలుక్కుమనడం గుర్తుంది. ఎందుకు కలుక్కుమందో గుర్తు లేదు. రాసినవి ఆవిడకి ఇరవై ఏళ్ల తరవాత కూడా గుర్తుండేవి. ఇది రాయలేదు. ఆ రోజు అలాంటివి ఇరవై నాలుగు మంచాల మీద నుంచి కొట్టుకుపోయాయి.

చెయ్యి నొప్పి పుట్టింది. అక్షరాలు వంకరపోయి, చీమలు కాస్తా ఈగలయ్యాయి. గంట గడిచాక పేజీ మీద నాలుగు లైన్లు తేలాయి. 'రోగి సాధారణ స్థితి కంటే భిన్నంగా ఉన్నట్లు అనిపించినప్పటికీ, పని ఒత్తిడి కారణంగా తగిన శ్రద్ధ వహించలేకపోవడం జరిగింది. దీనికి పూర్తి బాధ్యత నాదే.'

సూపరింటెండెంటు రెండుసార్లు చదివాడు. "భిన్నంగా అంటే?"

"తేడాగా ఉన్నారు సర్."

"ఏం తేడా? మాట తడబడిందా? జ్వరమా? మనిషిని గుర్తుపట్టలేదా?"

"చూశాను సర్. ఏం చూశానో..." ఆవిడ రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "చూశాను సర్. అది మాత్రం నిజం."

పాత డాక్టరు కాగితం తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, మొత్తం చదివాడు. ఎప్పుడూ లేనిది ఆయన గొంతు మెత్తబడింది. "చీమలక్కా, ఇది నువ్వు రాసిందేనా?"

"మీ ముందే కదండీ రాశాను."

"మెషీను రాసినట్టుంది," అన్నాడాయన, కాగితం బల్ల మీద పెడుతూ.

ఆఫీసావిడ ఫైలు మూస్తూ జాలిగానే అంది, "తోటి మనిషిని కాపాడుకుందామని వచ్చారు. మాకు అర్థమైందమ్మా. మీ మంచితనం అది. కానీ ఇందులో పట్టుకోవడానికి ఒక్క ముక్క కూడా లేదు."

ఒక్క ముక్క. ఆ మాట ఆవిడ కావాలని అనలేదు. చీమలక్కకి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. గదిలోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. తనని తీసెయ్యమని చెప్పడానికి వెళ్లింది, అది చెప్పడం కూడా చేతకాలేదు. వారం తిరక్కుండా తమ్ముడిని తీసేశారు. తీసేస్తూ ఇచ్చిన కాగితం కూడా చక్కటి భాషలో, ఒక్క తప్పు లేకుండా ఉంది.

నెలా పదిహేను రోజులకి పెద్ద సిస్టర్ కూతురు వార్డుకి వచ్చింది. చిన్న కవరు చేతిలో పెట్టింది. "అమ్మ వాచీ అండీ. ఇంట్లో పెట్టుకుంటే చూడలేకపోతున్నాను. మీ గురించే ఎక్కువ చెప్పేది, చీమల్లా రాస్తుందనీ, తన కంటే బాగా చూస్తుందనీ. మీ దగ్గరుంటే బాగుంటుంది."

చీమలక్క ఆమె వెళ్లిపోయాక వాచీ చేతికి పెట్టుకుంది. పట్టీకి దారం ఇంకా అలాగే చుట్టి ఉంది. వాచీ ముఖం మణికట్టు లోపలికి తిప్పుకుంది. టైము చూడటానికి చెయ్యి తిప్పింది.

ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. వాచీ చూసుకుని టైము అడిగింది. పెద్ద సిస్టర్, ఇంకొకరిని, టైము అడిగింది.

అంతా ఒక్కసారి వచ్చిపడింది. ఎండ, సెలైను, దుప్పటి అంచు పీకుతున్న వేళ్లు. చీమలక్క పరుగులాంటి నడకతో పదకొండో మంచం కాళ్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. మంచంలో వేరే ఎవరో పడుకుని ఉన్నారు. ఆ కవరు వెనకే, నిలబడే, పెన్సిలుతో రాసింది. ఎక్కడా ఆగలేదు.

"నాలుగూ పది. వాచీ చూసుకుంది. చూసుకుని నన్ను టైమడిగింది. చెప్పాను. నాలుగూ ఇరవైకి మళ్లీ చూసుకుంది, మళ్లీ అడిగింది. కుడిచేతి వేళ్లతో దుప్పటి అంచు పీకుతోంది, అక్కడ పోగు లేదు. ఈమె ఎవరినీ టైమడగదు. డాక్టరుని పిలవాలి."

పాత డాక్టరు వరండాలో నిలబడి అది చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. "'ఎవరినీ టైమడగదు' అన్న ఈ ఒక్క లైను చాలమ్మా. ఆ వయసులో ఇన్ఫెక్షను ముందు తెలివి మీదే పడుతుంది. ఇది చదివుంటే ఆ సాయంత్రమే మందు మొదలుపెట్టేవాడిని." తరవాత అడక్క తప్పదన్నట్టు అడిగాడు, "ఎప్పుడు రాశావు?"

"ఇవాళ."

ఆయన కవరు తిరిగిచ్చేశాడు. ఫైలు మూసేశారనీ, ఇప్పుడు దీన్నెవరూ ఒప్పుకోరనీ చెప్పబోతుంటే ఆవిడే వద్దంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని ఆవిడకి తెలుసు. ఇంటికెళ్లాక గుర్తొచ్చింది ఏమవుతుందో ఆవిడకి మొదటి రోజే చెప్పారు.

అయినా ఆ సాయంత్రం ఏడూ పావు బస్సు ఎక్కలేదు. తమ్ముడు ఇప్పుడు పనిచేస్తున్న మందుల షాపు వెతుక్కుంటూ వెళ్లింది. కౌంటరు వెనక నిలబడి, ఎడమచేత్తో బిళ్లల అట్టలు కత్తిరిస్తున్నాడు. ఆవిడని చూసి స్టూలు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు. కవరు అతని ముందు పెట్టింది.

అతను దాన్ని ట్యూబులైటు కిందకి పెట్టుకుని, కళ్లు చికిలించి, నెమ్మదిగా చదివాడు. మొహంలో కోపం లేదు. కోపం ఉంటే ఆవిడకి తేలికగా ఉండేది.

"చాలా బాగా రాశావక్కా," అన్నాడు. "పాత పుస్తకాల్లోలాగే ఉంది."

చీమలక్క తల వంచుకుంది.

"ఆ రోజు నేను అడిగాను కదక్కా, పదకొండు ఎలా ఉన్నారని?"

"అడిగావు తమ్ముడూ."

ఎవరో మందుల చీటీ పట్టుకుని కౌంటరు దగ్గరికొచ్చారు. అతను కవరుని రెండు మడతలు పెట్టి ఆవిడ చేతికిచ్చి, ఆ చీటీ అందుకున్నాడు.